గరిటెడు హరీరా... అందరికీ ఒకే వాటా!

ఆదివారంనాడు అరకిలో మాంసం తెచ్చిన ఇంట్లో పంపకం ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మూలుగ ఎముక ఇంటాయనకు. మెత్తని ముక్కలు పిల్లలకు. చుట్టం ఎవరైనా వస్తే కార్జం ముక్క ఏరి మరీ ఆయన కంచంలోకి. మరి వడ్డించే మనిషికి ఏమిటంటారా? గిన్నె అడుగున మిగిలిన పులుసు, అందులో మునిగిపోయి ఎవరికీ కనబడని ఏ కొవ్వు ముక్కో! 'నాకు ముక్కల కంటే పులుసంటేనే ఇష్టం' అనేది మా అమ్మ. ఆ మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది.

ముక్కలు లెక్కపెట్టడమే కుదరని మాంసం వంటకం ఒకటుంది. దాని పేరు హరీరా. ఊరు మొరాకో. ఆఫ్రికా ఖండానికి వాయవ్య మూల, అటు అట్లాంటిక్ సముద్రం, ఇటు మధ్యధరా సముద్రం ఉన్న దేశం. గొర్రె మాంసం, శనగలు, మసూర్, టమాటాలు, గుప్పెళ్లకొద్దీ ఆకుకూరలు కలిపి కాచే చిక్కని సూప్ అది. సూప్ అంటే హోటల్లో భోజనానికి ముందు చిన్న కప్పులో ఇచ్చేది అనుకునేరు. ఒక గిన్నెడు తాగితే ఆ పూటకి ఇంక అన్నం అక్కర్లేదు!

మా వారి ఉద్యోగరీత్యా 2011 నుంచి 2015 దాకా మేం మొరాకోలో అల్ జదీదా అనే ఊళ్లో ఉన్నాం. 'అంతదూరం ఏం ఉద్యోగం?' అని అప్పట్లో అందరూ అడిగేవారు. మన పొలాల్లో చల్లే ఎరువుకి కావలసిన ఫాస్ఫేట్ ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆ దేశంలోనే. గనుల్లో తవ్విన ఫాస్ఫేట్ నుంచి యాసిడ్ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు మా ఊరికి దగ్గర్లోనే, జోర్ఫ్ లాస్ఫర్ రేవు దగ్గర ఉన్నాయి. అక్కణ్నుంచి ఓడలెక్కి మన దేశానికీ వస్తుంది. ఊరు మాత్రం చక్కనిది. సముద్రం ఒడ్డున పోర్చుగీసువాళ్లు కట్టిన పాతకోట, ఆ కోటలో నేల కింద స్తంభాల మధ్య నీళ్లు నిలిచి అద్దంలా మెరిసే పెద్ద నీటితొట్టి ఉంటాయి. 2004లో యునెస్కో ఆ కోటను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మేం మేడమీద ఉండేవాళ్లం, ఇంటివాళ్లు కింద ఉండేవాళ్లు. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. ఆ దేశంలో పెద్దవాళ్లయిన ఆడవాళ్లను పేరు పెట్టి పిలవాలంటే ముందు 'లల్లా' అని చేర్చాలి. నేను ఉత్తి 'లల్లా' అనే పిలిచేదాన్ని, మనం అత్తయ్యగారూ అన్నట్టు. ఆవిడకి వాళ్ల అరబ్బీ యాస తప్ప మరోటి రాదు. నాకు అదే రాదు. అయినా వంటింట్లో భాష ఏమిటండీ! వేలితో చూపిస్తే చాలు, ముక్కుతో వాసన పడితే చాలు. హరీరా నేను నేర్చుకున్నది ఆవిడ స్టౌ పక్కన నిలబడే.

రంజాన్ సాయంత్రం

హరీరా ఏడాది పొడుగునా ఉండేదే. చలికాలం సాయంత్రాలు రోడ్డుపక్క చిన్న చిన్న దుకాణాల్లో పొగలు కక్కుతూ దొరుకుతుంది. మరాకేష్ నగరంలో జెమా అల్ ఫ్నా అనే పెద్ద మైదానం ఉంది. చీకటి పడగానే అక్కడ తిండి బండ్లు వెలుస్తాయి. ఒక గిన్నె హరీరా కొనుక్కుని కూలివాళ్లూ విదేశీయులూ ఒకే బల్ల మీద కూర్చుని తాగడం చూశాను. కానీ దాని అసలు వైభవం చూడాలంటే రంజాన్ నెలలోనే చూడాలి.

మేమున్న ఆ నాలుగేళ్లూ రంజాన్ ఎండాకాలంలోనే వచ్చింది. దాదాపు 16 గంటలు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. అంత ఎండలో అన్ని గంటలుండి సాయంత్రానికి వేడివేడి సూప్ ఏమిటా అని మనకి అనిపిస్తుంది. మనమైతే చల్లని మజ్జిగ కోసం వెతుక్కుంటాం! వాళ్లు మాత్రం ముందు ఖర్జూరం, కొన్ని పాలో నీళ్లో, ఆ వెంటనే హరీరా. ఉపవాసం విడిచే ఆ భోజనాన్ని అక్కడ 'ఫ్తూర్' అంటారు. మామూలు రోజుల్లో పొద్దున టిఫినుకీ అదే మాట. సూర్యాస్తమయానికి సైరన్ మోగుతుంది. అంతకు ఐదు నిమిషాల ముందు వీధిలోకి చూస్తే పిల్లి కూడా కనబడదు. అందరూ గిన్నెల ముందే!

బల్లమీద హరీరాతో పాటు ఉడికించిన గుడ్లు, వాటి మీద చల్లుకోవడానికి ఉప్పూ జీలకర్రపొడీ ఉంటాయి. పక్కనే చెబాకియా. పిండిని పూరేకుల్లా మెలితిప్పి నూనెలో వేయించి, తేనెలో ముంచి, పైన నువ్వులు జల్లే మిఠాయి అది. కారంగా, పుల్లగా ఉండే సూపు ఓ చెంచా, తేనె కారే మిఠాయి ఓ కొరుకు. మొదటిరోజు విడ్డూరంగా ఉంటుంది. మిరపకాయ బజ్జీతో జిలేబీ తినేవాళ్లకి మూడోరోజుకల్లా అలవాటైపోతుందిలెండి.

ఉపవాసం విడవడానికి హరీరా తాగడం ఒక్క ముస్లింల ఆచారమే కాదు. తరతరాలుగా మొరాకోలో బతికిన యూదులు కూడా తమ యోమ్ కిప్పూర్ ఉపవాసాన్ని దీనితోనే విడిచేవారు. ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల్లో ఇప్పటికీ ఆ అలవాటు ఉంది. దేవుడి పేరు మారినా ఆకలి తీర్చే గిన్నె అదే.

ఇక ఆ ఇంట్లో నేను మరీ మరీ గమనించిన విషయం వడ్డన. లల్లా గిన్నె ముందు కూర్చునేది. ఒక చెక్క గరిటె. ఆయనకీ ఒక గరిటె, ఇద్దరు కొడుకులకీ చెరో గరిటె, బాలింత కోడలికీ ఒక గరిటె, ఇల్లు తుడవడానికొచ్చే అమ్మాయికీ అదే గరిటె, తనకీ అదే. అందులో మాంసం ముక్కలు శనగగింజంత ఉంటాయి. ఏరుదామన్నా ఏరలేరు. పైకి తేలవు, అడుక్కి పోవు. చిక్కని సూపులో శనగలతో, మసూర్‌తో కలిసి సమానంగా తిరుగుతుంటాయి. ఎవరి గిన్నెలో పడ్డవి వారివి. ఆఖరి గిన్నె, మొదటి గిన్నె ఒకలాగే ఉంటాయి. ఆ దేశంలో ఆడవాళ్లకు అన్నీ సమానంగా దొరుకుతున్నాయని కాదు నా ఉద్దేశం. మధ్యాహ్నం మూడింటి నుంచి ఆ పొయ్యి దగ్గర నిలబడింది ఆడవాళ్లే, ఉపవాసంతోనే. రుచి చూడకుండా ఉప్పు వేయాలి కూడా! లల్లా అరచేతిలో ఉప్పు పోసుకుని చూసి, ఆవిరి వాసన పీల్చి 'ఆ, చాలు' అన్నట్టు తలూపేది. మొగవాళ్లు సైరన్ మోగే వేళకి చేతులు కడుక్కుని వచ్చేవారు. అది అక్కడా మారలేదు, ఇక్కడా మారలేదు. కానీ గరిటె మాత్రం ఎవరికీ పక్షపాతం చూపించలేదు.

మనవాళ్లకీ మాంసాన్ని సాగదీయడం తెలియక కాదు. గోంగూర వేస్తాం, దోసకాయ వేస్తాం, హైదరాబాదులో శనగపప్పూ సొరకాయా వేసి దాల్చా వండుతారు. కాకపోతే ముక్క మాత్రం ముక్కలాగే ఉంటుంది. ముక్క కనబడుతున్నంతసేపూ అది ఎవరికి వెళ్లాలన్నది ముందే తేలిపోయి ఉంటుంది మరి!

రక్తం సంగతి కూడా చూద్దాం

ఇదంతా ఏదో సరదాకి చెబుతున్న ముక్కల లెక్క కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు మగవాళ్లలో దేశం మొత్తం మీద 25 శాతం. అంటే నలుగురు మగవాళ్లలో ఒక్కరికైతే, ఆడవాళ్లలో సగానికి పైగా! నెలనెలా పోయే రక్తం, కాన్పులు, ఇంకా వేరే కారణాలూ ఉన్నాయి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు కూడా అందులో తన వాటా తను వేస్తూనే ఉంటుంది.

ఐనుము విషయంలో హరీరా గొప్పతనం దాని కలయికలో ఉంది. వంద గ్రాముల మసూర్‌లో సుమారు 7 మిల్లీగ్రాముల ఐనుము, కాబూలీ శనగల్లో సుమారు 6 మిల్లీగ్రాములు ఉంటాయి. కానీ పప్పుల్లో, ఆకుల్లో ఉండే ఐనుమును మన ఒళ్లు అంత తేలిగ్గా పట్టుకోదు. మాంసంలో ఉండే ఐనుము వేరే రకం, అది సులువుగా ఒంటబడుతుంది. పైగా పక్కన కొంచెం మాంసం ఉంటే పప్పుల్లోని ఐనుము కూడా ఎక్కువగా ఒంటికి పడుతుంది. నిమ్మరసంలోని సి విటమిన్ చేసే పనీ అదే. ఆ మాంసం, ఆ పప్పులు, ఆ పులుపు మూడూ ఒకే గిన్నెలో ఉన్నాయి చూశారా! ఏ డాక్టరూ చెప్పకుండానే ఆ ఆడవాళ్లకి ఇదంతా చేతికి అబ్బింది.

ఒక్క మాట. ఇది తాగిన వెంటనే టీ తాగకండి. టీ ఐనుమును ఒంటికి పట్టనివ్వదు. కనీసం గంట ఆగండి. మొరాకోవాళ్లు పుదీనా వేసిన టీ ఎప్పుడు పడితే అప్పుడు తాగుతారు, ఆ ఒక్క విషయంలో వాళ్లని చూసి నేర్చుకోవద్దు. అలాగే రక్తం బాగా తక్కువగా ఉన్నవారికి డాక్టరు రాసిన ఐరన్ మాత్రల బదులు ఈ సూపు సరిపోతుందనీ అనుకోవద్దు. మాత్రలు మాత్రలే, తిండి తిండే.

పేరు ఒకటే, రుచి వేరు

హరీరా అనగానే హైదరాబాదు పాతబస్తీ వాళ్లు 'మాకు తెలుసుగా' అంటారు. వాళ్లకి తెలిసింది బాదం కా హరీరా. బాదంపప్పు రుబ్బి పాలల్లో కాచి, తియ్యగా తాగేది. బాలింతలకు బలానికి ఇస్తారు. పేరు అరబ్బీ నుంచి వచ్చిందే గానీ రెండింటికీ రుచిలో ఏ సంబంధం లేదు. అరబ్బీలో 'హరీర్' అంటే పట్టు. పట్టులా జారే చిక్కదనం వల్ల మొరాకో సూపుకి ఆ పేరొచ్చిందని చెబుతారు.

హలీమ్‌తో కూడా పోల్చకండి. హలీమ్‌లో గోధుమలూ మాంసమూ గంటల తరబడి దంచి ఒకటి చేసేస్తారు. హైదరాబాదు హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హరీరాలో దేని రూపు దానికే ఉండాలి. శనగ శనగలా, మసూర్ మసూర్‌లా పంటికి తగలాలి. ఇంకో సంగతి, ఈ సూపుని ఇవాళ ఎర్రగా చూపించే టమాటా పుట్టింది అమెరికా ఖండాల్లో. కొలంబస్ ప్రయాణాల తర్వాతే అది ఇటు వచ్చింది. అంటే అంతకు ముందు కాచిన హరీరాల్లో టమాటా లేదన్నమాట. మన చారు సంగతీ అంతేగా!

కావలసినవి (ఆరుగురికి)

గొర్రె లేదా పొట్టేలు మాంసం పావుకిలో, దాంతోపాటు ఒకటి రెండు ఎముకలు. కాబూలీ శనగలు ముప్పావు కప్పు. మసూర్ అరకప్పు. పండిన టమాటాలు ముప్పావుకిలో. పెద్ద ఉల్లిపాయ ఒకటి. కొత్తిమీర పెద్ద కట్ట ఒకటి. పార్స్‌లీ చిన్న కట్ట, సెలరీ రెండు మూడు కాడలు ఆకులతో సహా. శొంఠిపొడి చెంచా, మిరియాలపొడి చెంచా, పసుపు అరచెంచా, దాల్చినచెక్క వేలెడంత ముక్క. నెయ్యి రెండు చెంచాలు, నూనె ఒక చెంచా. సేమ్యా గుప్పెడు. మైదా అరకప్పు. ఉప్పు తగినంత. నిమ్మకాయలు రెండు.

కుంకుమపువ్వు ఇంట్లో ఉంటే నాలుగు రేకులు వేసుకోండి. లేకపోతే దానికోసం డబ్బు పోయక్కర్లేదు.

సరుకుల దగ్గర ఒకటి రెండు మాటలు చెప్పాలి. మసూర్ అంటే కొట్లో ఎర్రని మైసూరుపప్పు ఇస్తారు. అది ఉడికితే కరిగిపోతుంది. పొట్టు తీయకుండా గోధుమరంగులో గుండ్రంగా ఉండే మసూర్ గింజలు అడగండి. పార్స్‌లీ, సెలరీ పెద్ద ఊళ్ల సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. దొరకని ఊళ్లో ఉన్నవారు రెండూ మానేసి కొత్తిమీర రెండు కట్టలు లేత కాడలతో సహా వాడండి. రుచి కొంచెం మారుతుంది, చెడదు. మొరాకోవాళ్లు నెయ్యికి బదులు 'స్మెన్' వేస్తారు. ఉప్పు కలిపి నెలల తరబడి నిలవ చేసిన వెన్న అది. మూత తీస్తే పక్కింటికి తెలిసేంత వాసన! ఆ వాసన మన ఇళ్లల్లో ఎవరూ భరించలేరు. మన నెయ్యే నయం.

పచ్చిమిరపకాయ, కారం, గరం మసాలా... మూడూ వద్దు. నేను ఇక్కడికొచ్చాక ఈ సూపు చేస్తుంటే మా ఆడపడుచు 'కారం లేకుండా మాంసమా వదినా, నీచు వాసన రాదూ?' అంది. రాదు. శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, పైన అంత కొత్తిమీర ఉండగా నీచు వాసన ఎక్కడిది? గరం మసాలా వేశారో, అది మన మటన్ పులుసు అయిపోతుంది. అదే కావాలంటే మన మటన్ పులుసు వండుకోవచ్చుగా!

తయారుచేసే విధానం

శనగలు ముందురోజు రాత్రే నానబెట్టాలి. పొద్దున్న ఒక పాత తువ్వాలులో మూటగట్టి గట్టిగా రుద్దితే పొట్టు ఊడొస్తుంది. 'ఇంత పనా!' అనుకోకండి. పొట్టు తీసిన శనగకీ తీయని శనగకీ నోట్లో చాలా తేడా. మొరాకోలో ఆడవాళ్లు రంజాన్‌కి ముందే కిలోలకొద్దీ శనగలు నానబెట్టి, ఇరుగుపొరుగు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పొట్టు తీసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచుకుంటారు. ఆకుకూరలు తరిగీ, టమాటాలు గుజ్జు చేసీ పొట్లాలు కట్టుకుంటారు. మనం ఆవకాయల కాలంలో కూర్చున్నట్టే.

మాంసాన్ని శనగగింజ కంటే కొంచెం పెద్దగా తరగాలి. ఉడికితే ఎలాగూ తగ్గుతుంది. మాంసం కొట్టువాడు ఇంత చిన్నగా కొట్టడు. 'ఎముక లేకుండా ఇవ్వు, ఎముకలు విడిగా ఇవ్వు' అని తెచ్చుకుని ఇంట్లోనే కత్తిపీట మీద కోసుకోండి. పదిహేను నిమిషాల పని. ఈ వంటలో అసలు కీలకం ఇదే అని నా అభిప్రాయం. ఇక్కడ బద్ధకించి పెద్ద ముక్కలు వేశారంటే మళ్లీ పంపకాల దగ్గరికే వచ్చి ఆగుతాం.

కుక్కర్లో నూనె, ఒక చెంచా నెయ్యి వేడిచేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ, మాంసం, ఎముకలు, శొంఠి, మిరియాలపొడి, పసుపు, దాల్చినచెక్క వేయండి. సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు కలుపుతుండాలి. ఎర్రగా వేగనక్కర్లేదు. మాంసం రంగు మారి, ఊరిన నీరు ఇగిరితే చాలు. తరిగిన ఆకుకూరల్లో సగం, సెలరీ మొత్తం వేసి ఓసారి తిప్పి, శనగలు, లీటరు నీళ్లు పోసి మూతపెట్టండి. ఐదారు విజిల్స్ రానివ్వాలి. ముదురు మాంసమైతే ఇంకో రెండు.

టమాటాలు ముందే ఎందుకు వేయలేదని అడగొచ్చు. పులుపు తగిలితే శనగలు తొందరగా మెత్తబడవు. చింతపండు పోశాక కందిపప్పు ఉడకదని మన పెద్దవాళ్లు అనేది ఇందుకే. లల్లా టమాటా ముందే వేసేది గానీ ఆవిడ సూపు రెండు మూడు గంటలు పొయ్యిమీదే ఉండేది. మనకి అంత తీరికా లేదు, అంత గ్యాసూ లేదు.

ఈలోగా టమాటాలను ఉడికించి రుబ్బి వడగట్టండి. లేదా అడ్డంగా రెండు చెక్కలు చేసి కొబ్బరి తురిమినట్టు తురిమితే గుజ్జంతా దిగి తోలు చేతిలో మిగులుతుంది. మొరాకోలో చాలా ఇళ్లల్లో ఇలాగే చేస్తారు. మిక్సీ కడుక్కునే పనీ తప్పుతుంది.

కుక్కర్ మూత వచ్చాక ఎముకలు తీసేయండి. ఎముకకి అంటుకున్న మాంసం ఉంటే గీకి మళ్లీ అందులోనే వేయండి. దాల్చినచెక్క కూడా తీసేయాలి. అంతా పెద్ద గిన్నెలోకి మార్చి, టమాటా గుజ్జు, అరగంట నానిన మసూర్, ఇంకో లీటరుంపావు వేడినీళ్లు, ఉప్పు వేసి మూత ఓరగా పెట్టి అరగంట మరగనివ్వండి. మసూర్ మెత్తబడి ఇంకా విరగకుండా ఉన్నప్పుడు సేమ్యా చిదిపి వేయాలి. సేమ్యా బదులు గుప్పెడు బియ్యం వేసే ఇళ్లూ ఉన్నాయి. బియ్యమైతే కొంచెం ముందు వేయాలి.

ఇప్పుడు అసలు ఘట్టం. హరీరాకి ఆ పట్టులాంటి జారుడు తెచ్చేది పిండినీళ్లు. వాటిని అక్కడ 'తద్వీరా' అంటారు. మైదాని కప్పున్నర చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి జల్లెడలో వడగట్టండి. దప్పళంలోకి బియ్యప్పిండి కలిపి పోసే చెయ్యికి ఇది కొత్తేం కాదు. పాతకాలపు పద్ధతిలో ఈ పిండిని ముందురోజే కలిపి పులవనిస్తారు, దాంతో ఓ రకమైన పులుపు వస్తుంది. దోసెల పిండి పులవడం తెలిసిన మనకి ఆ రుచి నచ్చుతుంది. ఒక చేత్తో సన్నని ధారగా పోస్తూ రెండో చేత్తో గరిటె ఆపకుండా తిప్పాలి. ఆపితే ఉండ కడుతుంది, అడుగంటుతుంది. ఈ ఐదు నిమిషాలూ ఫోను మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా వెళ్లకండి. ఇంట్లో ఇంకెవరూ లేరా ఏం, వాళ్లు తీస్తారు!

మొత్తం పిండినీళ్లు ఒకేసారి పోసేయొద్దు. ముప్పావువంతు పోసి రెండు నిమిషాలు ఆగి చూడండి. గరిటెతో ఎత్తి వదిలితే మంచి పాలమీగడలా జారాలి. పప్పుచారు కంటే చిక్కగా, ముద్దపప్పు కంటే చాలా పల్చగా. ఇంకా పల్చగా అనిపిస్తే మిగిలినది పోయండి. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు సన్నని సెగ మీద మరగాలి, పిండి పచ్చివాసన పోవాలి. పైకి తేలే నురుగు గరిటెతో తీసేయండి. మిగిలిన కొత్తిమీర, రెండో చెంచా నెయ్యి వేసి దించేయడమే. నిమ్మచెక్కలు విడిగా పెట్టండి. మన నాటు టమాటాలు బాగా పుల్లగా ఉంటాయి, వాటితో చేస్తే చాలామందికి నిమ్మకాయ పిండే అవసరమే ఉండదు. సి విటమిన్ వేడికి కొంత పోతుంది కనుక రెండు చుక్కలు పిండుకుంటేనే మంచిదని నేనంటాను.

మాంసం తగ్గినా...

మొరాకోలోనూ మాంసం చవకేం కాదు. ఏళ్ల తరబడి వానల్లేక గడ్డి దొరక్క గొర్రెల మందలు తగ్గిపోయాయి. 2016 లెక్కల కంటే 38 శాతం తగ్గాయని 2025లో అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాజు ఆరవ మహమ్మద్ ప్రజలకు ఒక విజ్ఞప్తి చేశారు, ఈసారి బక్రీద్‌కు గొర్రెను కోయవద్దని! అలాంటి రోజుల్లో కూడా హరీరా ఆగదు. పావుకిలో మాంసం వందగ్రాములవుతుంది, శనగలు గుప్పెడు పెరుగుతాయి. ఒక్క ఎముక వేసి కాచేవాళ్లుంటారు. అసలు మాంసమే లేకుండా కాచే ఇళ్లూ బోలెడు. శాకాహారులు అలాగే చేసుకోవచ్చు. శనగలు, మసూర్ కాస్త పెంచి, ఉల్లిపాయ ఇంకొంచెం బాగా మగ్గనిస్తే సరి. వాళ్లు మాత్రం నిమ్మకాయ మరిచిపోకూడదు. మాంసం చేసే సాయం ఇక్కడ లేదు కనుక పులుపే దిక్కు.

పిల్లలు కొత్త వంట అంటే ముక్కు చిట్లిస్తారు కదా. మా మేనకోడలి పిల్లలకు దీన్ని 'సేమ్యా సూపు' అని పరిచయం చేశాం, పని జరిగిపోయింది. పళ్లు లేని పెద్దవాళ్లకి శనగలు కొంచెం మెదిపి ఇవ్వండి. కిడ్నీ జబ్బు ఉండి పప్పులు, ఉప్పు తగ్గించమన్నవారికీ, కీళ్లవాతానికి యూరిక్ ఆసిడ్ మందులు వాడేవారికీ మాత్రం డాక్టరును అడిగాకే పెట్టండి.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. మర్నాటికి గట్టిపడి హల్వాలా అవుతుంది, కంగారుపడకండి. ఒక గ్లాసు వేడినీళ్లు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ కాస్తే మళ్లీ జారుగా వస్తుంది. ఉప్పు సరిచూసుకోవాలి. వారం సరిపడా ఒకేసారి చేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టాలనుకునే ఉద్యోగినులు సేమ్యా, పిండినీళ్లు వేయకముందే సగం తీసి పెట్టుకోండి. తినే రోజు మరగబెట్టి అప్పుడు ఆ రెండూ వేసుకోవచ్చు. సేమ్యా వేసి గడ్డకట్టిస్తే ముద్దయిపోతుంది. పక్కన రొట్టె ఉంటే చాలు. అక్కడ గుండ్రంగా, మందంగా ఉండే రొట్టెను తుంచుకుని ముంచుకు తింటారు. మనకి బేకరీ బన్నో, మందంగా కాల్చిన జొన్నరొట్టో సరిపోతుంది. జొన్నరొట్టెతో ఇంకా బాగుంటుందని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, లల్లాకి ఈ మాట చెప్పలేదింకా.